కారు చార్జర్ బిగించడం నేను రెండోసారి నేర్చుకున్నాను

హనుమకొండలో ఇరవై ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివాను, వైర్‌మన్ పర్మిట్ ఉంది. ఎన్ని ఇళ్లకు వైర్లు లాగానో లెక్క పెట్టలేదు. అందుకే 2022లో మొదటిసారి ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ కారుకు పాయింట్ పెట్టమంటే కొత్తగా నేర్చుకోవాల్సింది ఏదో ఉంటుందన్న ఆలోచనే రాలేదు. గీజర్‌కు పెట్టినట్టే ఒక 15 ఆంపియర్ల పాయింట్, అంతే కదా అనుకున్నాను.

ఆ ఇల్లు రిటైరైన లెక్కల సార్‌ది. తొంభైల్లో కట్టిన ఇల్లు. కారుతో పాటు ఒక చార్జర్ డబ్బా వచ్చింది. దాని ప్లగ్గు గోడ సాకెట్‌లో పెట్టాలి, ఇంకో కొన కారుకు తగిలించాలి. పోర్టికోలో పాత సాకెట్ ఉంటే దాన్ని మార్చి కొత్తది పెట్టాను. లైను మేడమీద గీజర్‌కు వెళ్లే వైరు నుంచే తీసుకున్నాను. ప్లగ్గు పెట్టగానే డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. ఎర్త్ లేదని దాని అర్థం. గోడలో వెతికితే పోర్టికో వరకు అసలు ఎర్త్ వైరే రాలేదు.

అప్పుడు నేను చేసింది మా పనిలో చాలామంది చేసేదే. సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు జానెడు వైరు ముక్క కలిపేశాను. డబ్బా చూసేది ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ సరిగ్గా ఉందా లేదా అని. న్యూట్రల్ కలిపితే ఉన్నట్టే కనబడుతుంది. లైటు పచ్చగా మారింది. సార్ సంతోషించారు, టీ ఇచ్చారు, ఐదు వందలు చేతిలో పెట్టారు.

మూడు నెలల తర్వాత ఒక వానరాత్రి కరెంటు స్తంభం దగ్గర సార్ వాళ్ల సర్వీసు వైరు న్యూట్రల్ ఊడిపోయింది. ఇల్లంతా చీకటి. పక్కిళ్లలో కరెంటు ఉంది. సార్ టార్చి తీసుకుని బయటికి వచ్చి, ఎందుకైనా మంచిదని కారుకు ఉన్న చార్జింగ్ తీసేద్దామని డోరు దగ్గర చెయ్యి పెట్టారు. షాక్ కొట్టి టార్చి ఎగిరి అవతల పడింది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికారు.

ఎందుకలా జరిగిందో నాకు ఫోను ఎత్తిన నిమిషంలోనే అర్థమైంది. న్యూట్రల్ స్తంభం దగ్గర తెగితే, స్విచ్చి వేసి ఉన్న ఫ్యానులోంచి, ఫ్రిజ్‌లోంచి వచ్చిన ఫేజు ఇంట్లోని న్యూట్రల్ వైరులోకి చేరుతుంది. తిరిగి పోవడానికి దారి లేదు కాబట్టి ఆ వైరంతా ఫేజే అవుతుంది. నేను కలిపిన జానెడు ముక్క ఆ ఫేజును తీసుకెళ్లి కారు బాడీకి ఇచ్చింది. చార్జింగ్‌లో ఉన్న కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడిన ఇనుప డబ్బా. దాన్ని ముట్టుకున్న మనిషే దానికి ఎర్త్.

తెల్లారి వెళ్లి ఆ ముక్క నా చేత్తోనే తీసేశాను. సాకెట్ విప్పితే వెనకాల న్యూట్రల్ స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల బుడగ లేచి ఉంది. అది కూడా నా పనే. సార్‌కు దాచకుండా చెప్పాను, తప్పు నాదేనని. ఆయన కోప్పడలేదు. "ఏం కాలేదు, జర గట్టిగ జుమ్మన్నది. గని ఇదెట్ల చెయ్యాల్నో మంచిగ నేర్చుకో బిడ్డా, ఇంకో ఇంట్ల పిల్లలుంటరు" అన్నారు. ఆ మాట తర్వాత ఏడెనిమిది నెలలు కారు పాయింట్ పని ఎవరడిగినా ఒప్పుకోలేదు.

2023 వేసవిలో హైదరాబాద్‌లో ఐదు రోజుల శిక్షణ ఉందని తెలిసి వెళ్లాను. పద్నాలుగు మందిమి ఉన్నాం. పాఠం చెప్పినాయన విద్యుత్ శాఖలో చేసి రిటైరైన ఇంజనీరు. మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. కాలిపోయిన సాకెట్లు ఒక పళ్లెం నిండా తెచ్చి బల్ల మీద పెట్టి, తలా ఒకటి తీసుకుని మంట ఎక్కడ మొదలైందో చెప్పమన్నారు. నాకు వచ్చినదాంట్లో ముందువైపు ఏమీ లేదు. వెనక్కి తిప్పితే న్యూట్రల్ స్క్రూ కింద రెండు మూడు పోగులు మాత్రమే ఇరుక్కుని ఉన్నాయి. మిగతా పోగులు స్క్రూ పక్కకు జారి నల్లగా మాడిపోయాయి. సార్ ఇంట్లో నేను విప్పిన సాకెట్‌కు, దీనికి తేడా లేదు.

ఆయన అప్పుడు లెక్క చెప్పారు. వదులుగా ఉన్న జాయింటులో ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉందనుకుందాం. 15 ఆంపియర్లు పారితే 15ని 15తో గుణించి, దాన్ని 0.1తో గుణించాలి. 22 వాట్ల పైచిలుకు వేడి. మనం రేడియోలు బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంటే శనగగింజంత చోట, ప్లాస్టిక్ మధ్యలో, ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి రాత్రంతా వదిలేసినట్టు. గీజర్ కూడా అంతే కరెంటు తీసుకుంటుంది, కానీ పావుగంటకు ఆగిపోతుంది, జాయింటు చల్లబడుతుంది. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఖాళీ అయితే 3.3 కిలోవాట్ల చార్జర్ మీద తొమ్మిది గంటల పైనే పడుతుంది. ఇరవై ఏళ్ల నా అనుభవం అంతా పావుగంట లోడ్ల మీద వచ్చిన అనుభవం. తొమ్మిది గంటల లోడు నాకు తెలియదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆ రోజంతా పట్టింది.

అక్కడే మొదటిసారి టార్క్ స్క్రూడ్రైవర్, అంటే ఎంత బిగించాలో అంతే బిగించే స్క్రూడ్రైవర్, పట్టుకున్నాను. ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చి, దాని పక్కన చిన్న అక్షరాల్లో స్క్రూ ఎంత బిగించాలో రాసి ఉంటుంది. అన్ని ఎంసీబీలు బిగించాను, ఒక్కసారి కూడా అది చదవలేదు. పోగుల వైరు అయితే కొనకు లగ్గు వేసి క్రింప్ చేశాకే స్క్రూ కింద పెట్టాలి. మెలితిప్పి దూర్చేయడం కుదరదు.

రెండో రోజు సంగతి ఇంకా మనసులో ఉంది. ఆర్‌సీసీబీల గురించి చెబుతున్నారు. మా ఊళ్లో దాన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. కరెంటు ఎటైనా లీకైతే ఫేజు, న్యూట్రల్ రెండూ కొట్టేసే స్విచ్చి అది. నా సంచిలో కొత్తది ఒకటి ఉంటే బయటికి తీశాను. "దాని మీద బొమ్మ చూసి చెప్పు" అన్నారు. చిన్న గడిలో ఒకే ఒక అల గీత ఉంది. అది ఏసీ టైపు. అల కింద ఇంకో గీత మీద రెండు అర బుడిపెలు కూడా ఉంటే అది A టైపు. కారు లోపల ఏసీని డీసీగా మార్చే యంత్రం ఉంటుంది. అందులో లోపం వస్తే డీసీ కూడా లీకవుతుంది. ఏసీ టైపు ఆర్‌సీసీబీ లోపలి కోర్ ఆ డీసీకి మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత మనిషికి షాక్ కొడుతున్నా అది పడకపోవచ్చు. కారు తగిలించనప్పుడు టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడుతుంది కాబట్టి మనకు అనుమానం రాదు. A టైపు కూడా 6 మిల్లీ ఆంపియర్ల డీసీ వరకే తట్టుకుంటుంది. గోడకు బిగించే చార్జర్‌లో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ముందే ఉంటే A టైపు సరిపోతుంది, లేకపోతే B టైపు కావాలి. దాని ధర చాలా ఎక్కువ. అందుకే చార్జర్ మాన్యువల్‌లో ఆ పేజీ చూడకుండా ఇప్పుడు నేను ధర కూడా చెప్పను.

ఇవన్నీ ఆయన సొంత పట్టింపులు కావు. కేంద్ర విద్యుత్ అథారిటీ 2019లో భద్రతా నిబంధనల్లో కారు చార్జింగ్ గురించి ప్రత్యేకంగా చేర్చింది, 2023లో వచ్చిన నిబంధనల్లోనూ ఆ అధ్యాయం ఉంది. చార్జర్‌కు దేనితోనూ కలవని సొంత సర్క్యూట్ ఉండాలి. కనీసం A టైపు రక్షణ, 30 మిల్లీ ఆంపియర్లు మించకుండా ఉండాలి. సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకూడదు. నేను 2022లో సార్ ఇంట్లో పని చేసేనాటికే ఈ మాటలు కాగితం మీద ఉన్నాయి. నా దాకా ఎవరూ తీసుకురాలేదు, నేనూ వెతుక్కోలేదు.

మూడో రోజు ఎర్త్. నాకు అసలు శిక్షణ అదే. ఐటీఐ ల్యాబులో ఎర్త్ టెస్టర్ హ్యాండిల్ ఒక్కసారి తిప్పాను, మార్కులు వచ్చాయి, మళ్లీ ముట్టుకోలేదు. బయట పనిలో ఎర్త్ అంటే గుంట తీసి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోసి, బల్బు పెట్టి చూడటం. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు వెలిగితే ఎర్త్ బాగున్నట్టు. కానీ 60 వాట్ల బల్బుకు పావు ఆంపియర్ చాలు. ముప్పై నలభై ఓమ్‌ల చెడ్డ ఎర్త్ మీద కూడా అది దేదీప్యమానంగా వెలుగుతుంది.

ఇంటికి రాగానే కొత్తగా కొన్న టెస్టర్‌తో ముందు మా ఇల్లే కొలిచాను. 38 ఓమ్‌లు. 230ని 38తో భాగిస్తే 6 ఆంపియర్లు. అంటే మా వాషింగ్ మెషీన్ బాడీకి ఫేజు తగిలితే ఎర్త్‌లోకి పోయేది ఆరు ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ జన్మలో పడదు. మెషీన్ బాడీ కరెంటుతో అలాగే ఉండిపోతుంది. ఎంసీబీ ఉంది కదా అని ఇన్నేళ్లు నేను చెప్పిన ధైర్యం ఎంత ఉత్తదో నా ఇంట్లోనే తెలిసింది. మా పిల్లలు తడి కాళ్లతో తిరిగే చోటు అది. ఆ వారమే గుంట మళ్లీ తవ్వించి, ఆర్‌సీసీబీ పెట్టాను.

ఐదో రోజు పరీక్షలో ఒక బోర్డు ఇచ్చి అందులో ఐదు తప్పులు పట్టుకోమన్నారు. ఫేజు, న్యూట్రల్ తారుమారు, తెగిన ఎర్త్, వదులు స్క్రూ, తప్పు టైపు ఆర్‌సీసీబీ దొరికాయి. ఐదోది దొరకలేదు. రెండు ఆర్‌సీసీబీల తర్వాతి న్యూట్రళ్లు, విడివిడిగా ఉండాల్సినవి, ఒకే బార్‌లో కలిపేసి ఉన్నాయి. ఇలాంటి బోర్డులు ఊళ్లో నేనే కొన్ని కట్టి ఉంటాను. మరుసటి వారం మళ్లీ వెళ్లి రాసి పాసయ్యాను.

కాగితం వచ్చింది కానీ ఐదు రోజులు చాలవు. ఇది గట్టిగా చెబుతున్నాను. బల్ల మీద బోర్డుకు, నిజం ఇంటికి చాలా తేడా ఉంటుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలవాలంటే గుంటకు దూరంగా రెండు ఇనుప మేకులు నేలలో దిగ్గొట్టాలి. మన వీధుల్లో వాకిలి దాటితే సీసీ రోడ్డే, మేకు ఎక్కడ దిగుతుంది? అప్పుడు మేకులు అక్కర్లేని లూప్ టెస్టర్‌తో కొలవాలి, ఆ సంఖ్యలో ఏమేమి కలిసి ఉంటాయో తెలియాలి. అపార్ట్‌మెంట్లలో మీటర్లు ఒక మూల, పార్కింగ్ ఇంకో మూల. 7.2 కిలోవాట్ల చార్జర్ 31 ఆంపియర్లు లాగుతుంది, పాతిక మీటర్ల దూరానికి 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తే ఆ వైరులోనే రెండు వందల వాట్లకు పైగా వేడిగా పోతుంది. అందుకని హైదరాబాద్‌లో ఈ పనే చేసే ఒక తమ్ముడి వెంట ఆరు ఇళ్లకు వెళ్లాను. నాకన్నా పన్నెండేళ్లు చిన్నవాడు. "అన్నా, మీరు చేయండి, నేను చూస్తా" అని పక్కన నిలబడి, నా ప్రతి స్క్రూ మళ్లీ తను బిగించి చూసేవాడు. నేను చేసే పనిని ఇంకొకరు పక్కనుండి చూడటమనేది ఇరవై ఏళ్లలో నాకు అదే మొదలు. కారు చార్జర్ పెట్టే ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ ఇది తప్పనిసరి చేయాలని నా కోరిక.

తర్వాత మొదటి పని ఎక్కడ చేయాలో నాకు తెలుసు. సార్ అప్పటిదాకా కారును బయట చార్జింగ్ స్టేషన్‌కు తీసుకెళ్తున్నారు. కారు అమ్మినవాళ్లు 7.2 కిలోవాట్ల చార్జర్ పెట్టించుకోమన్నారట. రోజూ ఎంత తిరుగుతారని అడిగాను. కాజీపేట వైపు తిరిగొచ్చినా నలభై కిలోమీటర్లు దాటదు. ఆరేడు యూనిట్లు. 3.3 కిలోవాట్లతో రెండు గంటల చార్జింగ్ చాలు. పెద్ద చార్జర్ వద్దని చెప్పాను. అయినా ఇంటి కాంట్రాక్ట్ లోడు, అంటే కరెంటు ఆఫీసులో రాయించుకున్న లోడు, తక్కువే ఉంది కాబట్టి ముందు అదనపు లోడుకు దరఖాస్తు పెట్టించాను. అది మంజూరయ్యాకే పని మొదలుపెట్టాను.

మీటరు నుంచి నేరుగా 4 స్క్వేర్ రాగి వైరు, విడిగా చిన్న డీబీ (స్విచ్చిల పెట్టె), అందులో ఎంసీబీ, A టైపు ఆర్‌సీసీబీ. ఇదంతా ఒక్క పూట. ఎర్త్‌కు మూడు రోజులు పట్టింది. మా దగ్గర రాతి నేల. ముందువైపు మూడడుగులు తవ్వేసరికి షీట్ రాక్ తగిలింది. గడ్డపార టంగుమని లేచింది. పక్కకు జరిగి ఇంకో చోట దించితే 27 ఓమ్‌లు వచ్చింది. నాతో ఉన్న కుర్రాడు "చాలన్నా, బల్బు మంచిగనే వెలుగుతుంది" అన్నాడు. వాడికి నేనే నేర్పిన మాట అది. వెనక పెరట్లో గిన్నెలు తోమే నీళ్లు పోయే తేమ నేల ఉంది. అక్కడ రెండో గుంట తీశాం. 14 వచ్చింది. రెండింటినీ కలిపి కొలిస్తే 9.6. ఐదులోపు రావాలని నా పట్టుదల, ఆ రాతిలో రాలేదు. కానీ ఆర్‌సీసీబీ పడటానికి ఇది ఎంతో ఎక్కువ భద్రం. ఆర్‌సీసీబీ టెస్టర్‌తో 30 మిల్లీ ఆంపియర్లు ఇచ్చి చూస్తే 27 మిల్లీ సెకన్లలో పడింది. మూడుసార్లు చూశాను.

తర్వాత కారు తగిలించాం. లైటు పచ్చగా వెలిగింది. ఈసారి దాని వెనక దొంగ వైరు ఏమీ లేదు. క్లాంప్ మీటర్‌లో 14.1 ఆంపియర్లు. నేను లేచి వెళ్లలేదు. గంటసేపు పోర్టికో మెట్ల మీద కూర్చుని, పది నిమిషాలకోసారి ప్రతి స్క్రూ మీద థర్మామీటర్ గన్ను పెట్టి రాసుకున్నాను. గంట తర్వాత కూడా ఏ స్క్రూ దగ్గరా వేడి పెరుగుతూ పోలేదు. సార్ నా పక్కనే కూర్చుని ఆ అంకెలు చూస్తున్నారు. డబ్బులు వద్దన్నాను. సామానుకు మాత్రం తీసుకోవాల్సిందేనని పట్టుబట్టి ఇచ్చారు.

ఇప్పుడు నెలకు నాలుగైదు చార్జర్లు పెడుతున్నాను. నా ధర ఎక్కువని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. రోజుకు రెండు ఇళ్లు పూర్తిచేసే కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లలో ఎర్త్ టెస్టర్ సంచిలో ఉన్నవాళ్లు నాకు తక్కువే కనబడ్డారు. నేను పెట్టిన ఒక్క చార్జర్‌ను కూడా ఇంతవరకు ఎవరూ వచ్చి పరీక్షించలేదు. కాబట్టి ఇంటివాళ్లే అడగాలి. మీ ఇంటికొచ్చిన మనిషిని ఎర్త్ ఎన్ని ఓమ్‌లు వచ్చిందో అడగండి. "బాగుంది" అంటే ఒప్పుకోవద్దు, అంకె చెప్పమనండి, మీటరు చూపించమనండి. ఆర్‌సీసీబీ మీద బొమ్మ మీరే చూసుకోండి. ఎర్రలైటు వెలిగితే రెండు నిమిషాల్లో పచ్చ చేసి ఇచ్చినవాణ్ని ఏం కలిపావని అడిగి, సాకెట్ విప్పించి చూడండి. నన్ను అప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే సార్‌కు ఆ రాత్రి వచ్చేది కాదు.

ఏటా మే నెలలో నేల ఎండినప్పుడు సార్ ఇంటికి వెళ్లి ఎర్త్ కొలుస్తాను. డీబీ తలుపు లోపల మొదటి రోజు అంకెలు మార్కర్‌తో రాసి ఉంచాను. సార్ మాత్రం వేరే నోట్‌బుక్ పెట్టారు, తేదీ, ఎండ, ఓమ్‌లు అని గీతలు కొట్టి. మొన్న వెళ్తే 12.3 వచ్చింది. రెండు గుంటల్లోనూ బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, సాయంత్రం దాకా ఆగి మళ్లీ కొలిచాం. 10.1. ఆయన రెండు అంకెలూ రాసుకుని, వానలు పడ్డాక ఇంకోసారి రమ్మన్నారు.